మెంటర్ రిజిస్టర్ చేతిలో పెట్టారు, ఇప్పుడేం చేయాలి?

కెమిస్ట్రీ_మేడం (పాలమూరు)

అందరికీ నమస్తే. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేస్తున్నాను. ఈ ఏడాది బీఎస్సీ సెకండియర్‌లో 32 మందికి నన్ను మెంటర్‌గా వేశారు. వేయడమంటే ఇంకేం లేదు, స్టాఫ్‌రూమ్‌లో ఒక రిజిస్టర్ ఇచ్చి "నాక్ వాళ్లు (కాలేజీలకి గ్రేడ్ ఇచ్చేవాళ్లు) వచ్చేలోగా నింపేయండి మేడం" అన్నారు.

అందులో గడులు ఇవి: పేరు, తల్లిదండ్రుల ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు, హాజరు శాతం, విద్యార్థి సమస్య, ఇచ్చిన సలహా, సంతకం. నాకు ముందున్న సార్ రాసినవి తిరగేశాను. సమస్య: "ఇంగ్లిష్ అంటే భయం". సలహా: "కష్టపడి చదవమని చెప్పడమైనది". అందరికీ అదే, ఒకే సిరాతో, ఒకే రోజు రాసినట్టుంది.

నాకు నిజంగానే చేయాలని ఉంది. కానీ పిల్లలు అడిగేవాటికి నా దగ్గర జవాబు లేదు. ఒకమ్మాయి "బీజెడ్‌సీ చేసి ఎమ్మెస్సీలో ఏమేం తీసుకోవచ్చు మేడం" అంటుంది. ఒకబ్బాయి ఫస్టియర్‌లో పోయిన పేపర్లతో థర్డియర్‌కి వెళ్లనిస్తారా అంటాడు. నేను చదువుకున్నప్పుడు ఈ సెమిస్టర్లు, క్రెడిట్లు లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్యాక్‌లాగ్_బాద్‌షా (బీటెక్ ఫైనలియర్)

మేడం, ఒక్కటే రిక్వెస్టు. పిల్లల్ని పిలిచి "లైఫ్‌లో ఏమవుదామనుకుంటున్నావ్" అని మాత్రం అడగొద్దు. నాలుగేళ్లుగా ప్రతి సెమిస్టర్‌లో ఇదే అడుగుతున్నారు, నేను ప్రతిసారీ "సాఫ్ట్‌వేర్ సార్" అంటున్నాను, ఆయన "గుడ్" అంటున్నారు. నేను ఈసీఈ అన్న సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదు.

పరీక్షల_సెక్షన్

మేడం, నేను లెక్చరర్‌ని కాను. అటానమస్ కాలేజీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంట్‌ని. మా కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది గడువు దాటాక వస్తారు. అందుకని నాకు తెలిసింది చెబుతాను, మిగతాది పెద్దలు చెబుతారు.

ముందు ఆ రిజిస్టర్ పక్కన పెట్టి, మీ 32 మంది మార్కుల మెమోలు తెప్పించుకోండి. ఫోన్‌లో ఫోటో తీసి పంపమన్నా చాలు. ఒక్కొక్కటీ చూడండి. ఎన్ని పేపర్లు పోయాయి, ఏవి, ఇంటర్నల్ మార్కుల్లో పోయాయా లేక థియరీలోనా? ఇంటర్నల్స్ సున్నా పడి ఉంటే అది చాలాసార్లు పిల్లవాడి తప్పు కాదు, ఎక్కించడంలో పొరపాటు. అది వెంటనే అడిగితే సరవుతుంది. రెండేళ్ల తర్వాత అడిగితే ఆ పేపర్ చెప్పినాయన బదిలీ అయిపోయి ఉంటారు.

రెండోది పేరు. టెన్త్ మెమోలో ఎలా ఉందో, ఆధార్‌లో ఎలా ఉందో, కాలేజీ రికార్డులో ఎలా ఉందో మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. ఇప్పుడు క్రెడిట్లన్నీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఆన్‌లైన్ ఖాతాలోకి వెళ్తున్నాయి. డిజీలాకర్‌లో ఆ ఖాతాకి 12 అంకెల ఐడీ చేసుకునేటప్పుడు పేరు కలవకపోతే అక్కడే ఆగిపోతుంది. ఫైనలియర్‌లో కన్సాలిడేటెడ్ మెమో చేతికొచ్చాక సరిచేయాలంటే తిరిగే తిరుగుడు మామూలుగా ఉండదు.

మూడోది, ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న. పై ఏడాదికి పంపే రూలు యూనివర్సిటీకో రకం, బ్యాచ్‌కో రకం. వాళ్లు చేరిన ఏడాది రెగ్యులేషన్ ఏదో ఆ పీడీఎఫ్ దింపుకుని "ప్రమోషన్" అన్న పేరా చదవండి. సీనియర్లు చెప్పింది నమ్మకండి, వాళ్ల రెగ్యులేషన్ వేరు కావచ్చు. మధ్యలో ఏడాది పోగొట్టుకుని జూనియర్ల బ్యాచ్‌లో కలిసిన పిల్లాడుంటే ఇంకా జాగ్రత్త. సిలబస్ మారితే పాత పేపర్‌కి బదులు ఏ పేపర్ రాయాలో మా దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఎమ్మెస్సీ సంగతి: పీజీ ప్రవేశపరీక్ష సీపీగెట్ నోటిఫికేషన్‌తో పాటు ఏ కోర్సుకి డిగ్రీలో ఏ సబ్జెక్టు ఉండాలో పట్టిక ఇస్తారు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ మూడూ చదివారు కాబట్టి ఆ మూడింటి తలుపూ తెరిచే ఉంటుంది. మిగతావాటికి ఆ పట్టిక అమ్మాయి ముందే పెట్టి చదివించండి, వచ్చే ఏడాది తనే చూసుకుంటుంది.

ఈసీఈ_సార్ (ఇంజినీరింగ్ కాలేజీ)

పైన చెప్పింది అక్షరాలా నిజం. మా వైపు నుంచి కొంచెం కలుపుతాను.

జేఎన్‌టీయూ కాలేజీల్లో పిల్లల్ని ముంచేది మార్కులకన్నా హాజరు. 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ (హాజరు లోటు మన్నింపు) ఫీజు కట్టి బయటపడొచ్చు. 65 కంటే ఒక్క శాతం తగ్గినా డిటెయిన్, ఎవరూ ఏమీ చేయలేరు. పిల్లలకి లెక్క తెలియక కాదు, మొత్తం మీద శాతం లెక్కేస్తారన్న సంగతిని వాళ్లు తమకి అనుకూలంగా అర్థం చేసుకుంటారు. "చివర్లో వరసగా వస్తా సార్" అంటారు. సెమిస్టర్ సగం గడిచాక 50 శాతంలో ఉన్నవాడు, మిగిలిన సగం ఒక్క క్లాసూ మానకపోతే సరిగ్గా 75కి వస్తాడు. ఒక్కరోజు జ్వరం వస్తే అయిపోయింది. ఈ లెక్క నేను బోర్డు మీద వేసి చూపిస్తాను. ఏ నీతిబోధా దీనిముందు పనిచేయదు.

డిటెయిన్ అయితే ఆ ఏడాది మళ్లీ చదివినందుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఇంట్లో ఆ డబ్బు పుట్టక చదువు మానేసిన పిల్లల్ని చూశాను.

ఇక ఎలక్టివ్‌లు. రాత్రి 9 గంటలకి గూగుల్ ఫారం వాట్సాప్‌లో పడుతుంది, తెల్లారేసరికి మూసేస్తారు. పిల్లలు ఏది ఎంచుకుంటారు? "ఏ సార్ మార్కులు బాగా వేస్తాడు" అన్నదే. మెంటర్ అన్నవాడు ఆ ఫారం రాకముందు ఒక అరగంట కూర్చోబెడితే చాలు. మైనర్ డిగ్రీ, ఆనర్స్ అంటున్నారు కదా, ఏఐసీటీఈ లెక్క ప్రకారం 160 క్రెడిట్లకి పైన ఇంకో 18 నుంచి 20 చేయాలి. బ్యాక్‌లాగ్‌లు పెట్టుకుని దానికి ఎగబడే పిల్లాణ్ని ఆపడం కూడా సలహాయే.

బ్యాక్‌లాగ్_బాద్‌షా

సార్, మా ఓపెన్ ఎలక్టివ్‌లో లిస్టులో ఆరు ఉన్నాయి, క్లాసు మాత్రం ఒక్కదానికే పెట్టారు. "మిగతావాటికి ఫ్యాకల్టీ లేరు, అందరూ ఇదే టిక్ చేయండి" అన్నారు. దీన్నేమంటారు?

ఈసీఈ_సార్

దాన్ని ఎలక్టివ్ అనే అంటారు బాబూ.

పాతకాపు (రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్)

డిగ్రీలో కూడా అంతే. ఐదో సెమిస్టర్‌లో ఒకటి ఎంచుకోవడానికి 5ఏ, 5బి అని రెండు పేపర్లు సిలబస్‌లో ఉంటాయి. పిల్లలకి 5బి ఒకటుందని కూడా తెలియదు.

కెమిస్ట్రీ మేడం, మీ పోస్టు చూసి సంతోషమైంది. పరీక్షల సెక్షన్ గారు చెప్పినవన్నీ చేయండి, కాదనను. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. తేదీలూ ఫీజులూ రూల్సూ చెప్పడం నోటీసు బోర్డు పని. మెంటర్ కూడా అదే చేస్తే పిల్లలకి మనిషి ఎక్కడ దొరుకుతాడు? డిగ్రీకి వచ్చే పిల్లల్లో చాలామంది వాళ్ల ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు. వాళ్లకి నాన్న సలహా ఇవ్వలేడు, అన్నకి తెలియదు. డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు కూడా ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు పెట్టి ఉంటాడు. బీకామ్ కంప్యూటర్స్‌లో ఎందుకు చేరావంటే "ఆ అన్న పెట్టిండు సార్" అన్న పిల్లలు నాకు లెక్కలేనంత మంది. వాళ్లని పిలిచి, నీకేం ఇష్టం అని ఒకరు అడగాలా వద్దా?

పరీక్షల_సెక్షన్

అడగాలి సార్. కానీ మొదటి రోజే కాదు. పరిచయం లేని మనిషి నీకేం ఇష్టం అంటే పిల్లాడు మనకి నచ్చే జవాబే చెబుతాడు. రీవాల్యుయేషన్ ఫారం నింపడంలో సాయం చేయండి, నెల తర్వాత వాడే వచ్చి కూర్చుంటాడు.

టెక్సాస్_అక్క

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను ఇక్కడ ఒక పబ్లిక్ యూనివర్సిటీలో అకడమిక్ అడ్వైజర్‌ని. అంటే పాఠం చెప్పను, ఇదే నా ఉద్యోగం. నా కింద మూడొందల మంది దాకా ఉంటారు, కాబట్టి మేడం 32 అంటే కొంచెం అసూయగా ఉంది.

పాతకాపు గారికీ సెక్షన్ గారికీ జరుగుతున్న వాదన మా రంగంలో 1972 నుంచీ ఉంది. ఆ ఏడాది టెరీ ఓబానియన్ అనే ఆయన అడ్వైజింగ్‌కి ఐదు మెట్లు రాశాడు. మొదట జీవితంలో ఏం కావాలి, తర్వాత ఏ వృత్తి, తర్వాత ఏ ప్రోగ్రామ్, తర్వాత ఏ కోర్సులు, చివరికి ఏ టైముకి ఏ క్లాసు. అదే ఏడాది బర్న్స్ క్రుక్‌స్టన్ అనే ఆయన, డాక్టరు మందు రాసిచ్చినట్టు చెప్పే అడ్వైజింగ్ వేరు, విద్యార్థి ఎదుగుదల కోసం ఇద్దరూ కలిసి చేసే అడ్వైజింగ్ వేరు అన్నాడు. శిక్షణలో ఇవన్నీ చెబుతారు. పనిలోకి దిగాక చూస్తే, విద్యార్థి వచ్చేది ఐదో మెట్టు దగ్గరికే. అడ్వైజర్‌ని కలిసేదాకా రిజిస్ట్రేషన్ ఆపుతూ అడ్వైజింగ్ హోల్డ్ పెట్టి ఉంటుంది, అది తీయమని వస్తాడు. తీయడానికి ముందు నాకు దొరికేది పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో కింది నుంచి పైకి ఎంత ఎక్కగలిగితే అంత.

రూల్స్ తెలియకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. మన తెలుగు పిల్లలు ఇప్పుడు ఇంటర్ అవగానే ఇక్కడికి బీఎస్‌కి వస్తున్నారు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద అండర్‌గ్రాడ్యుయేట్ అంటే సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు ఉండాలి, అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. కాల్‌క్యులస్ కష్టంగా ఉందని ఒకమ్మాయి డ్రాప్ చేస్తానంది. చదువు వరకూ చూస్తే అది మంచి నిర్ణయమే. కానీ డ్రాప్ చేస్తే 9కి పడిపోతుంది. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ అనుమతి లేకుండా అలా చేస్తే వీసా స్టేటస్‌కే ముప్పు. ఆమెకి ఏం ఇష్టమో గంటసేపు మాట్లాడి ఈ ఒక్కమాట చెప్పకపోతే నేను చేసిన మేలేముంది?

కర్నూలు_నాన్న

అందరూ పిల్లల గురించే మాట్లాడుతున్నారు. తల్లిదండ్రుల మాటేమిటి? మావాడు బీటెక్ సెకండియర్‌లో డిటెయిన్ అయ్యాడని మాకు తెలిసింది ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు. మెంటర్ ఉన్నారట, రిజిస్టర్‌లో "తల్లిదండ్రులకు తెలియజేయడమైనది" అని రాసి ఉందట. మాకు ఒక్క ఫోన్ రాలేదు. ఫీజు కట్టేది మేము, మాకు చెప్పరా? మేడం, మీరు మాత్రం హాజరు తగ్గిన రోజే ఇంటికి ఫోన్ చేయండి.

బ్యాక్‌లాగ్_బాద్‌షా

అంకుల్, మీ బాధ అర్థమైంది. కానీ నా సంగతి వినండి. సెకండియర్‌లో రాత్రుళ్లు ఫుడ్ డెలివరీ చేసేవాడిని, పొద్దున మొదటి రెండు క్లాసులు పోయేవి. మెంటర్ సార్ నన్ను ఒక్కమాట అడక్కుండా ఇంటికి ఫోన్ చేశారు. నాన్న వచ్చి అందరి ముందూ కొట్టాడు. నేను డెలివరీ చేసేది చెల్లి ఫీజు కోసమని నాన్నకీ తెలియదు, సార్‌కీ తెలియదు. ఆ తర్వాత సార్‌కి ఏదీ చెప్పలేదు. సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) చెప్పేదే నాకు అడ్వైజింగ్.

టెక్సాస్_అక్క

తమ్ముడూ, చదువుతుంటే బాధేసింది.

ఇక్కడ పద్ధతి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఫెర్పా అని 1974 నాటి చట్టం ఒకటుంది. విద్యార్థి కాలేజీలో చేరాడంటే ఆ రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. మన తెలుగు నాన్నగారు ఒకాయన డాలస్ నుంచి ఫోన్ చేసి "మా అమ్మాయికి ఏ గ్రేడ్ వచ్చిందమ్మా" అంటే, "అమ్మాయిని అడగండి అంకుల్, నేను చెప్పకూడదు" అనాల్సి వచ్చింది. ఆయన "నువ్వు మన తెలుగుపిల్లవే కదా" అన్నారు. ఏం చెప్పను!

కర్నూలు_నాన్న

అమ్మా, అది అమెరికా. అక్కడ పిల్లలు సొంతంగా లోన్ తీసుకుని చదువుతారు. ఇక్కడ మేము పొలం మీద అప్పు తెచ్చి చదివిస్తున్నాం. రెండూ ఒకటి కావు.

పాతకాపు

రెండూ ఒకటి కావన్న మాట నిజమే. అయినా కొట్టడం కోసం సమాచారం ఇవ్వలేం కదా. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు పాటించిన పద్ధతి చెబుతాను. హాజరు 80కి దిగగానే పిల్లాణ్ని పిలిచి కారణం అడిగేవాణ్ని. "రెండు వారాలు చూస్తాను, మారకపోతే ఇంటికి చెప్తాను, నీ ఎదురుగానే ఫోన్ చేస్తాను" అనేవాణ్ని. చాలామంది ఆ రెండు వారాల్లో సర్దుకునేవారు. సర్దుకోనివాళ్ల ఎదురుగానే స్పీకర్ పెట్టి మాట్లాడేవాణ్ని. చాటుగా మాత్రం ఎప్పుడూ చేయలేదు. 65కి పడిపోయాక చేసే ఫోన్ వల్ల తండ్రికి కోపం తప్ప చేయడానికి ఇంకేమీ మిగలదు.

కర్నూలు_నాన్న

80 దగ్గర చెబితే నాకేం అభ్యంతరం లేదు సార్. మాకు అసలు చెప్పనే లేదన్నదే నా గోడు. బాబూ బాద్‌షా, ఇప్పుడు చెల్లి చదువుతోందా?

బ్యాక్‌లాగ్_బాద్‌షా

నర్సింగ్ సెకండియర్ అంకుల్. నాకింకా రెండు సప్లీలున్నాయి.

గోదారి_లెక్చరర్ (రాజమండ్రి)

ఆంధ్రా వైపు నుంచి నా వంతు. 2023-24 నుంచి మాకు డిగ్రీలో మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి సింగిల్ మేజర్ వచ్చింది. అంతకుముందు ఎంపీసీ, బీజెడ్‌సీ అంటే ఊళ్లో అందరికీ తెలుసు. ఇప్పుడు ఒక మేజర్, ఒక మైనర్. పిల్లలకే కాదు, మాకే సరిగ్గా అర్థం కావడానికి టైం పట్టింది. మొదటి బ్యాచ్ పిల్లలు మైనర్ ఎలా ఎంచుకున్నారంటే, ఏ క్లాసు మధ్యాహ్నం లేకుండా ఉంటుందో చూసి! బస్సు మూడింటికి కదా. తర్వాత బీఈడీ చేయాలనుకున్నవాళ్లు మైనర్ గురించి తలపట్టుకున్నారు. టీచర్ పోస్టుకి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లని మొదటి ఏడాదిలోనే పట్టుకుని, బీఈడీ ప్రవేశపరీక్ష ఎడ్‌సెట్ అర్హతలు చూపించి మైనర్ పెట్టించాలి. ఇది నోటీసు బోర్డు చెప్పదు, మనిషే చెప్పాలి. పాతకాపు గారూ, మీకు ఇక్కడ ఒక మార్కు.

ఇంకొకటి ఇంటర్న్‌షిప్. ఫస్టియర్ అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, సెకండియర్ అయ్యాక ఇంటర్న్‌షిప్, ఆపై ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. డబ్బులిస్తే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ పుట్టుకొచ్చారు. మెంటర్ పట్టించుకుంటే పిల్లలు ఊరి సర్వే నిజంగా చేసి వస్తారు, లేకపోతే అందరూ ఒకే రిపోర్టు పేరు మార్చి ఇస్తారు.

నాలుగో ఏడాది చేయాలా అని కూడా అడుగుతున్నారు. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్లకి 120 క్రెడిట్లతో డిగ్రీ, నాలుగేళ్లకి 160తో ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వస్తే ఆనర్స్ విత్ రీసెర్చ్. పీహెచ్‌డీ వైపు వెళ్లాలనుకునే పిల్లకి నాలుగో ఏడాది బాగా పనికొస్తుంది, ఎందుకంటే నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉంది. మూడేళ్లవగానే ఉద్యోగమో, గ్రూప్స్ కోచింగో అనుకునే పిల్లకి ఆ ఏడాది అనవసరం. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఎలా?

బీకామ్_కుర్రోడు

మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను బీకామ్ ఫస్టియర్. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ డేటా సైన్స్ బీఎస్ కూడా చేద్దామనుకుంటున్నా. రెండు డిగ్రీలు ఒకేసారి చేయొచ్చా? మా కాలేజీలో అడిగితే ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు.

పరీక్షల_సెక్షన్

యూజీసీ 2022 ఏప్రిల్‌లో అనుమతించింది. ఒకటి రెగ్యులర్‌గా కాలేజీకెళ్లి, ఇంకోటి ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో చేయొచ్చు. కాదన్నవారు పాత రూలు గుర్తుపెట్టుకుని చెప్పి ఉంటారు. పరీక్ష తేదీలు రెండూ ఒకేరోజు పడితే మాత్రం ఎవరూ మార్చరు, అది చూసుకో.

ఈసీఈ_సార్

బాబూ, దానికి ముందు నాలుగు వారాల క్వాలిఫయర్ ఉంటుంది. ఇంటర్ పాసై, టెన్త్‌లో మ్యాథ్స్, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు, దరఖాస్తు చేయొచ్చు. ఆ నాలుగు వారాల పాఠాలు వారం వారం అసైన్‌మెంట్లతో చేస్తే నీకు సరిపడుతుందో లేదో నీకే తెలిసిపోతుంది. అది కుదరదనిపిస్తే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో ఒక్క కోర్సు చెయ్. పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే వెయ్యి రూపాయలు. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. రెండింట్లోనూ విడివిడిగా పాసవ్వాలి, అది చాలామంది మర్చిపోతారు. దాన్ని మీ డిగ్రీలో క్రెడిట్లుగా కలుపుతారా అన్నది మాత్రం కోర్సుకి పేరు ఇవ్వకముందే కాలేజీలో రాతపూర్వకంగా అడుగు.

వీధిఅరుగు

అంతా బాగుంది గానీ, గంటల లెక్కన జీతమిచ్చే గెస్ట్ లెక్చరర్‌కి ఈ మెంటరింగ్ ఎందుకు అంటగడుతున్నారో ఎవరూ అడగరేం? వేసవి సెలవుల్లో జీతం లేదు, వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియదు. మేడం, రిజిస్టర్ నింపేసి మీ సెట్, నెట్ లాంటి లెక్చరర్ అర్హత పరీక్షల ప్రిపరేషన్ చూసుకోండి. నిజమైన సలహా ఇదే.

కెమిస్ట్రీ_మేడం

వీధిఅరుగు గారూ, మీరన్నది తప్పని నేననను. నెట్ పుస్తకాలు బ్యాగులోనే ఉన్నాయి. కానీ ఆ పిల్లలు నన్ను "మేడం" అని కారిడార్‌లో ఆపి అడుగుతుంటే గెస్ట్‌నని చెప్పి ఎలా వెళ్లిపోను?

అందరూ చెప్పినవి చదివి ఈ వారం మెమోలు తెప్పించాను. ఏడుగురికి బ్యాక్‌లాగ్‌లున్నాయి, అందులో ఇద్దరికి ఇంటర్నల్స్ అస్సలు ఎక్కలేదు. నలుగురికి పేరు తేడా. ఒకబ్బాయి ఆధార్‌లో పుట్టిన ఏడాదే వేరు. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి మీసేవలో వేలిముద్ర వేయాలని ముగ్గురికి తెలియదు, కాలేజీయే చేసేస్తుందనుకున్నారట.

ఇప్పుడు ఇంకో సంగతి, ఇది మీరే చెప్పాలి. ఒకమ్మాయి వారంలో రెండు రోజులే వస్తోంది. మెల్లగా అడిగితే ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయంది, తనకి ఇష్టం లేదంది, ఎవరికీ చెప్పొద్దంది. రిజిస్టర్‌లో "విద్యార్థి సమస్య" గడిలో ఏం రాయాలి? అది స్టాఫ్‌రూమ్‌లో బల్ల మీదే ఉంటుంది, ఎవరైనా తిరగేస్తారు.

పాతకాపు

ఏమీ రాయకండి. "మాట్లాడడమైనది" అని తేదీ వేయండి, అంతే. ఊళ్లో సగం మంది మీ స్టాఫ్‌రూమ్‌కి చుట్టాలే అయ్యుంటారు.

టెక్సాస్_అక్క

మేడం, మేం ప్రతి మీటింగ్ తర్వాతా నోట్స్ రాయాలి. ఆ నోట్స్ విద్యార్థి అడిగితే చూపించాలి. అందుకని మాకు శిక్షణలో చెప్పేది ఒకటే, విద్యార్థి పక్కన కూర్చుని చదివినా ఇబ్బంది పడని వాక్యమే రాయి. ఏం చెప్పాను, ఎవరి దగ్గరికి పంపాను, తర్వాత ఎప్పుడు కలుస్తాం, ఈ మూడే ఉంటాయి. "బద్ధకస్తుడు", "ఇంట్లో గొడవలు" లాంటివి ఉండవు. మీ రిజిస్టర్‌లో ఆఖరి గడి సంతకమే కదా, రాశాక అమ్మాయికి చదివి వినిపించి అప్పుడే సంతకం పెట్టించండి. ముందే సంతకాలు పెట్టించి తర్వాత నింపడం మానేస్తే సగం అబద్ధాలు అక్కడే ఆగిపోతాయి.

ఆ అమ్మాయి వయసు ఎంతో తెలుసుకోండి. 18 నిండకపోతే దారి వేరు, చైల్డ్‌లైన్ 1098 ఉంది. నిండి ఉంటే తను ఏం కోరుకుంటోందో విన్నాక, మీ కాలేజీలో విమెన్ సెల్ చూసే మేడం నమ్మదగ్గ మనిషైతే, అమ్మాయి ఒప్పుకుంటేనే అక్కడికి తీసుకెళ్లండి. దిగులు మరీ ఎక్కువగా కనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. అన్నీ మీరే తీర్చాలని అనుకోకండి.

పరీక్షల_సెక్షన్

పెళ్లి విషయం నాకు తెలియదు మేడం. హాజరు విషయం తెలుసు. ఆ అమ్మాయి ఇప్పుడు ఎంత శాతంలో ఉందో లెక్కేసి చెప్పండి తనకి. సెమిస్టర్ నిలబెట్టుకుంటే "పరీక్షలు రాయనీయండి" అని ఇంట్లో అనడానికి తనకి ఒక మాట దొరుకుతుంది. డిటెయిన్ అయితే "ఎలాగూ పోయింది కదా" అంటారు.

గోదారి_లెక్చరర్

ఈ మాట బాగా చెప్పారు సార్. మా దగ్గర ఇద్దరమ్మాయిలు అచ్చంగా ఇలాగే డిగ్రీ పూర్తి చేశారు. ఒకావిడ పెళ్లయ్యాకే ఫైనల్ సెమిస్టర్ రాసింది, హాల్ టికెట్ మీద పాత ఇంటిపేరుతోనే.

కెమిస్ట్రీ_మేడం

వయసు 19. రేపు హాజరు లెక్క తీసి మాట్లాడతాను. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం లంచ్ తర్వాత లైబ్రరీ పక్క గదిలో కూర్చుంటానని క్లాసులో చెప్పాను. మొదటి రోజు ఒక్కరే వచ్చారు, అదీ ఇంటర్నల్స్ ఎక్కని అబ్బాయి. రెండోసారి వాడే ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ప్రిన్సిపాల్ గారు మాత్రం "రిజిస్టర్ ఎంతవరకు వచ్చింది" అని అడుగుతున్నారు.

బ్యాక్‌లాగ్_బాద్‌షా

మేడం, నాకూ ఓ సలహా ఇవ్వండి. ఫైనలియర్‌లో రెండు సప్లీలతో ప్లేస్‌మెంట్‌కి కూర్చోనిస్తారా?

ఈసీఈ_సార్

చాలా కంపెనీలు కూర్చునే నాటికి బ్యాక్‌లాగ్ ఉండకూడదంటాయి. కొన్ని ఒకటీ రెండూ ఒప్పుకుని, చేరేలోగా పాసవ్వాలంటాయి. 60 శాతం అడిగితే సీజీపీఏలోంచి అర తీసేసి పదితో గుణించు, జేఎన్‌టీయూహెచ్ లెక్క అది. ఏ సబ్జెక్టులు పోయాయో ఇక్కడ పెట్టు. ఒకటి సిగ్నల్స్ అయితే ఆదివారాలు నేను చెబుతా.

బ్యాక్‌లాగ్_బాద్‌షా

సిగ్నల్స్ ఒకటి, ఎం-3 (మ్యాథ్స్ 3) ఒకటి సార్. మీకెలా తెలిసింది??

ఈసీఈ_సార్

ఈసీఈలో పోయేవి అవే కదయ్యా.

పరీక్షల_సెక్షన్

కెమిస్ట్రీ మేడం, మీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పరీక్ష ఫీజు నోటిఫికేషన్ పడిందో లేదో రేపు పొద్దున్నే చూడండి, ఈ సీజన్‌లో మా పక్క కాలేజీలవన్నీ వచ్చేశాయి. ఆలస్య రుసుము లేకుండా ఆఖరి తేదీ ఏదో రాసుకుని, ముందు ఆ బ్యాక్‌లాగ్ ఏడుగురికి ఫోన్ చేసి చెప్పండి. గ్రూపులో పెడితే సరిపోదు, రెగ్యులర్ ఫీజు కడితే సప్లీ కూడా అందులోనే అయిపోతుందనుకునేవాళ్లు ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు ఉంటారు.